ఖాళీ రోడ్డు ముందు ఆగే మనిషి

ఆయన పోయాడని నాకొక కండక్టరు చెప్పాడు. బస్సు ఆగిరిపల్లి దాటాక టిక్కెట్టు చించి చేతికిస్తూ, "మన పాత కంట్రోలర్ గారు పోయారండి మాస్టారూ, పదిరోజులైంది" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే, "రోడ్డు మీద కాదండోయ్, మంచం మీదే" అని కలిపాడు. ముందు సీట్లలో ఇద్దరు ముగ్గురు నవ్వారు. లారీ కింద పడి పోతానేమోనని బతికినన్నాళ్ళూ వణికిన మనిషి నిద్రలో పోయాడంటే నవ్వు రాదా మరి.

నాకు రాలేదు. నూజివీడులో దిగేదాకా కిటికీ కడ్డీ వదల్లేదు. ఎదురుగా ఏ లారీ వచ్చినా కాళ్ళు బిగుసుకుపోయాయి. ఈ భయం నాకు పుట్టుకతో రాలేదు. ఆయన దగ్గర నేర్చుకున్నాను.

బస్టాండులో ఆయన కంట్రోలరు. వచ్చే బస్సు వేళ, పోయే బస్సు వేళ పుస్తకంలో రాసుకుని, ఈల ఊది బస్సును పంపే ఉద్యోగం. సన్నగా, పొడుగ్గా, మెడ కాస్త ముందుకు వంగి ఉండేవాడు. ఎండ ఉన్నా లేకపోయినా చంకలో మడిచిన గొడుగు. భుజం మీద తువ్వాలుతో రెండు నిమిషాలకోసారి అరచేతులు తుడుచుకునేవాడు. ఏ మాట మాట్లాడినా చివర ఒకటే తగిలించేవాడు: "భయమండీ." ఊళ్ళో మగవాళ్ళలో ఆ మాట పైకి అన్నవాణ్ణి నేను ఇంకొకణ్ణి చూడలేదు.

మొదటిసారి నేను ఆయనలో మనిషిని చూడలేదు, మూఢనమ్మకాన్ని చూశాను. పొద్దున పదిగంటల వేళ. బస్టాండు ఎదుట రోడ్డు ఖాళీగా ఉంది. మేక కూడా లేదు. ఈయన రోడ్డు అంచున నిలబడి కుడివైపు చూశాడు, ఎడమవైపు చూశాడు, మళ్ళీ కుడివైపు చూశాడు. పెదాలు కదులుతున్నాయి. దాటడు. టీ బడ్డీ దగ్గర జనానికి ఇది రోజూ వేడుక.

"ఏం కంట్రోలర్ గారూ, పిల్లి అడ్డొచ్చిందా?"

"ఆగండాగండి, తుమ్మింది నేనే, మీరు బయల్దేరండి!"

ఆ రోజుల్లో నేను శకునాల మీద ఊరూరా తిరిగి ఉపన్యాసాలిస్తున్నాను. ఇలాంటివాడు ఎదురైతే వదులుతానా? దగ్గరికెళ్ళాను.

"చదువుకున్నవారు, మీరు కూడా శకునం చూస్తారా అండీ?"

"కాదండీ. లారీ కోసం చూస్తున్నాను."

"లారీ ఎక్కడుంది?"

"ఇంకా రాలేదండీ."

"రాని లారీకి భయపడటం శకునం కాక మరేంటి?"

ఆయన నాకేసి జాలిగా చూశాడు. "వచ్చాక భయపడితే ఏం లాభమండీ?"

శాస్త్రాలు వల్లించే పండితులకి నా దగ్గర సమాధానాలు కట్టలు కట్టలుగా ఉండేవి. వాటిని పక్కనపెట్టి, పెదాల మీద ఏం మంత్రమని అడిగాను. మంత్రం కాదట, అంకెలట. మలుపు దగ్గర లారీ కనపడితే ఇక్కడికి రావడానికి ఏడంకెలు పడుతుంది. ఏడు లెక్కపెట్టేలోపు ఏదీ కనపడకపోతే దాటొచ్చు. ఇన్నేళ్ళూ ఊరంతా మంత్రమనుకుని నవ్వుతోంది. ఊరితోపాటు నేనూ. కళ్ళతో చూసి, చెవులతో విని, ఒక్కసారి కూడా అడక్కుండా మూఢుడని తీర్పు చెప్పేశాను. హేతువాదిననుకునేవాడు చేయకూడని పని అది.

అప్పటినుంచి స్నేహం. ఆయనతో నడవటం ఒక శిక్ష. రోడ్డుకి కుడిపక్కనే నడిచేవాడు, ఎదురొచ్చే బండి కనపడాలి కాబట్టి. "వెనకనుంచి వచ్చేదాన్ని నమ్మటం నాకు చేతకాదండీ." లారీ వస్తే రోడ్డు దిగి, జిల్లేడు పొదల్లోకి పోయి, అది దాటాక దులుపుకుని ఎక్కేవాడు. మాట మధ్యలో ఉన్నా సరే. ఎందుకింత భయమని అడిగాను ఒకసారి. "మీకెందుకు లేదండీ?" అన్నాడు. ఎగతాళి కాదు, నిజంగానే తెలుసుకుందామని అడిగాడు.

అసలు చూడాల్సింది ఇంట్లో ఆయన్ని. వరండాలో పరిచిన కడప బండల మీద సుద్దముక్కతో పొడుగ్గా గళ్ళు గీసి ఉండేవి. గళ్ళలో చింతగింజలు. మధ్య మధ్య ఎండిన మామిడి టెంకలు. చింతగింజ జీపో కారో, టెంక లారీ. పక్కన నాలుగు గవ్వలు. ఆయన అక్కగారు ఇంటిపెద్ద. మజ్జిగ తెచ్చి ఇస్తూ నాతో మొరపెట్టుకునేది.

"మా తమ్ముడు ఇల్లంతా రోడ్డు చేసేశాడు నాయనా. చింతగింజలు వేయించుకుందామంటే ఇది విజయవాడ బస్సు, దాని జోలికి పోకంటాడు. మొన్న పచ్చడి రోట్లో లారీ దొరికింది."

"అక్కయ్యా, కాలు! కాలు!" అని ఆయన అరిచేవాడు. ఆవిడ పాదం రోడ్డు మీద ఉండేది.

ఆట ఇది. గింజకి ఒకే ధర్మం. ముందు గడి ఖాళీ ఉంటే కదలాలి, లేకపోతే ఆగాలి. "మనిషికి ఇంతకంటే మతం ఎందుకండీ?" అనేవాడు, నన్ను సంతోషపెట్టడానికి. అయితే కదిపేముందు గవ్వలు వేసేవాడు. నాలుగూ బోర్లాపడితే ఆ గింజ, ముందు ఖాళీ ఉన్నా, ఒక విడత ఆగిపోవాలి. "డ్రైవరు ఆవలించాడు. లేకపోతే బీడీ ముట్టించుకున్నాడు. మనుషులు కదండీ." గళ్ళలో గింజలు తక్కువగా ఉంటే ఆవలింతల వల్ల ఏమీ అయ్యేది కాదు. ఇంకో గుప్పెడు పోసి ఆడేవాడు. ఒక చోట ఒక్క గింజ ఆగుతుంది. దాని వెనకది ఆగుతుంది. దాని వెనకది. ముందున్నది కదిలిపోయినా వెనక కొత్తవి వచ్చి ఆగుతూనే ఉంటాయి. గింజలన్నీ ముందుకి పోతుంటే వాటి మధ్య ఆ ముద్ద మాత్రం వెనక్కి పాకుతుంది. ప్రాణం లేని వస్తువు ప్రాణమున్నట్టు పాకుతోంది.

"తప్పెవరిది?" అన్నాను. వాదంలో పెరిగినవాణ్ణి, నాకు ముద్దాయి కావాలి.

"ఎవరిదీ కాదండీ. అందరూ ధర్మంగానే నడిచారు."

"తప్పు చేసినవాడు లేకుండా తప్పు ఎలా జరుగుతుంది?"

"అదేనండీ నా భయం."

నా ఉపన్యాసాలన్నీ దోషిని చూపించేవే. కరువుకి, రోగానికి, బీదరికానికి ఒక్కొక్కటికి ఒక్కొక్క వేలు చూపించేవాణ్ణి. వేలు ఎటు చూపాలో తెలియని చోట ఏం చేయాలో నాకు ఎవరూ నేర్పలేదు.

మామిడి కాపులో ఆగిరిపల్లి రోడ్డు ఈ ఆటని ఒళ్ళు విరుచుకుని ఆడేది. నడుమ ఒక వాగు, వాగు మీద ఒక్క బండి పట్టే ఇరుకు వంతెన. నూజివీడు వైపు నుంచి లోడు లారీలు, బెజవాడ వైపు నుంచి ఖాళీ లారీలు, బస్సులు, ట్రాక్టర్లు. వంతెనకి ఆగిరిపల్లి వైపు పసుపు పూసిన రాయి ఒకటుంది. మొదటి లోడు ఎత్తడానికి పోయే లారీవాడు అక్కడ ఆగి కొబ్బరికాయ కొట్టి, రెండు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించి గానీ వంతెనెక్కడు. వెనక ఎంతమంది ఆగినా సరే. ఒక్కోరోజు వంతెన రెండు మూడు గంటలు మూసుకుపోయేది. రాయికి కోపం వచ్చిందనేవాళ్ళు. ఇంకో కాయ కొట్టేవాళ్ళు.

ఆ రాయి మీద వ్యాసం రాద్దామని లెక్కల కోసం ఆయన దగ్గరికి పోయాను. మూఢత్వం రోడ్డుని మూసేసిందని గింజలతో రుజువు చేయించుకుందామని. ఆయన రెండు వైపులా వరసలు పేర్చి, నడుమ ఒక్క గడి వంతెన గీశాడు. కాయ కొట్టే లారీని ఆపాడు. వరస పెరిగింది. మెల్లగా, విసుగ్గా, కానీ కదులుతూనే ఉంది. "చూడండి, కొబ్బరికాయ వల్ల ఆలస్యం. అంతే." తరవాత వరస వెనక నుంచి ఒక గింజని తీసి కుడిపక్కకి పెట్టి ముందుకి తోశాడు. అది నాలుగు బండ్లని దాటి ముందుకొచ్చింది. "వీడికి లాభం. వీడి లాభం చూసి రెండోవాడు, వాణ్ణి చూసి మూడోవాడు." మూడు గింజలు కుడిపక్కన చేరాయి. వంతెన దిగే టెంకకి దిగేందుకు చోటు లేదు. గవ్వలు ఎన్నిసార్లు వేసినా ఒక్క గింజ కదల్లేదు. ఆయన చేతులు తుడుచుకున్నాడు.

"కాయ కొట్టేవాడు ఆలస్యం చేస్తాడండీ. మూసేసేది తొందరవాడు. భక్తుడైనా, నాస్తికుడైనా."

"మరి మర్యాదస్తులైతే?"

"అదీ ప్రమాదమే. మీరు ముందంటే మీరు ముందని రెండు వైపులా నిలబడితే పెళ్ళివారి విస్తళ్ళ దగ్గర గొడవే. అటు అయిదు, ఇటు అయిదు అని వంతు పెట్టుకోవాలి. ఆ రాయిని పీకించకండి. వంతెనకి నాలుగు ఫర్లాంగులు ముందే, రోడ్డు వెడల్పుగా ఉన్న చోట పెట్టించండి. అక్కడ కొట్టుకుంటారు."

నేను వ్యాసం రాశాను. కొబ్బరికాయ వల్ల ఆలస్యమన్నంత వరకే రాశాను. తొందరవాడి సంగతి వదిలేశాను. అది నా వాదానికి పనికిరాదు. సగం నిజం పట్టుకుని పూర్తి నిజమని ఊరేగించటం పురోహితుల పనని అప్పటికి వంద సభల్లో చెప్పి ఉంటాను. ఆయన ఆ వ్యాసం చదివి, మడిచి, "బాగా రాశారండీ" అన్నాడు. దాన్ని నా చేతికి తిరిగిస్తూ, "భయమండీ" అన్నాడు.

తాలూకాలు పోయి మండలాలు వచ్చిన వేసవి అది. మాది దండలు మార్చుకున్న పెళ్ళి. నా భార్య టీచరు, నన్ను నువ్వనే పిలుస్తుంది. సెలవుల్లో ఆగిరిపల్లి పక్క తోటల్లో కాయలు ఏరే ఆడవాళ్ళకి మధ్యాహ్నం భోజనాల వేళ అక్షరాలు నేర్పేది. ఆ రోజు నేనూ వెళ్ళాను. గంపల్లో పరవడానికి తెచ్చిన వరిగడ్డి మీద కూర్చుని పలక పట్టుకుంది. గడ్డిలోంచి రక్తపింజరి చీలమండ పైన కరిచింది. పాముని అందరం చూశాం. కర్రలకి అందకుండా పోయింది.

"పక్క ఊళ్ళోనే మంత్రం వేసేవాడున్నాడు మాస్టారూ, పది నిమిషాలు పట్టదు. ముందు మంత్రం వేయించి తరవాత ఆసుపత్రికి తీసుకెళ్ళండి" అని ఆడవాళ్ళు ఏడ్చారు. ఒక ముసలామె నా చెయ్యి పట్టుకుంది. "నీ పంతం తరవాత తీర్చుకోవచ్చు బాబూ, ఆయమ్మ ప్రాణం ముందు." నేను ఒప్పుకోలేదు. నూజివీడు పెద్దాసుపత్రిలో సూది మందుంది, దానికొక్కదానికే విషం లొంగుతుంది. అది సరైన పనే. ఇప్పటికీ అదే చేస్తాను. కానీ కారెక్కుతుంటే నా గుండెలో ఉన్న భయం ఒకటి కాదు, రెండు. ఈమె చచ్చిపోతుందేమోనని ఒకటి. చచ్చిపోతే ఈ ప్రాంతంలో ఇంకెవరూ నా మాట వినరని రెండోది. ఆ రెండో భయం కూడా ఉందని రాయటానికి సిగ్గుగా ఉంది. ఉంది కాబట్టి రాస్తున్నాను.

తోట కౌలుదారు అంబాసిడరు ఇచ్చాడు. డ్రైవరు పెద్దాయన. వాగు ఇంకా అరమైలుందనగానే వరస కనపడింది. లారీలు, బస్సులు, జీపులు. ముందెక్కడో కొబ్బరికాయ పగిలిన చప్పుడు, దాని వెనక ఇంకోటి. నా తల మీద కొట్టినట్టయింది.

"కుడికి తీయి" అన్నాను.

"వద్దు మాస్టారూ. ఎదురు లోడొస్తే ఇరుక్కుంటాం."

"తీయమన్నానా! చచ్చిపోతుందయ్యా!"

తీశాడు. ఒక్కొక్క బండినీ దాటుకుంటూ పోతుంటే నాకు ధైర్యం వచ్చింది. బండ్లనే చూశాను, వాటిలో మనుషులున్నారని చూడలేదు. వరస మొదటికి చేరేసరికి వంతెన మీద లోడు లారీ సగం దాటి వస్తోంది. బ్రేకు వేసింది. మేమూ వేశాం. వెనక్కి పోదామని డ్రైవరు తల తిప్పితే మా వెనక జీపు, జీపు వెనక వ్యాను, దాని వెనక బస్సు. నన్ను చూసి వచ్చిన వాళ్ళు. మా ఎడమపక్క వరస, కుడిపక్క వాగు గట్టు. ఎటూ లేదు.

మే నెల ఎండ. ఇంజన్లు ఆగాయి, హారన్లు ఆగలేదు. లోడు లారీ అడుగునుంచి చితికిన కాయల రసం కారి తారు మీద సాగుతోంది, దాని మీద ఈగలు. ఆమె కాలు మోకాలిదాకా వాచింది. చిగుళ్ళలోంచి నెత్తురు వచ్చి పళ్ళు ఎర్రబడ్డాయి. తువ్వాలుతో తుడిచాను. మళ్ళీ వచ్చింది. తుడిచాను. మళ్ళీ వచ్చింది.

"నేను పోతే ఆ మంత్రగాడికి మంచి పేరొస్తుంది, కదూ?" అంది. నవ్వుదామనుకుంది. నవ్వితే నెత్తురు కారింది. "బాధపడకు. నువ్వు చేసింది రైటే."

నేను చేసిందేమిటో ఆమెకి తెలియదు. నొప్పిలో మా మాటలు చెవిన పడలేదు, కాలు వైపు తప్ప కిటికీ వైపు చూడలేదు.

అప్పుడు ఎవరో అద్దం మీద కొట్టారు. కంట్రోలర్ గారు. కాపు రోజుల్లో సెలవు దొరికితే పుస్తకం పట్టుకుని గట్టు మీద కూర్చుని బండ్లు లెక్కపెట్టేవాడు. రోడ్డు మధ్యలో, రెండు రేకు గోడల లాంటి లారీల నడుమ ఆయన నిలబడటం నేను చూడటం అదే మొదటిసారి.

"మాస్టారూ, మీరు వెనక్కి పోవాలి."

"నా భార్యని పాము కరిచిందండీ! చచ్చిపోతుంది!"

"అందుకేనండీ వెనక్కి పొమ్మంటున్నాను."

"ఆ లారీని పొమ్మనండి! అందరూ నాకే చెప్పేవాళ్ళు!"

"లారీ వెనక పదిహేను లోడులున్నాయి. మీ వెనక తొమ్మిదే. లెక్కపెట్టే వచ్చాను." తువ్వాలు కోసం భుజం తడుముకున్నాడు, అది లేదు. అరచేతులు చొక్కాకి తుడుచుకున్నాడు. "చివరివాణ్ణించి మొదలుపెడతాను. కదలమన్నప్పుడు కదలండి. అప్పటిదాకా హారన్ కొట్టించకండి, నా ఈల వినపడదు."

వెనక్కి పరుగెత్తాడు. రోడ్డు మీద పరుగు! ఏడంకెలు లెక్కపెట్టలేదు, కుడీ ఎడమా చూడలేదు. మొదట అన్నిటికంటే చివరనున్న మరో జీపుని పంపాడు. తరవాత దాని ముందున్న ఇంకో బస్సు. బస్సు డ్రైవరు ఆ ఈలకి అలవాటుపడ్డవాడు, మారు మాట్లాడలేదు. మిగతావాళ్ళు వరసలోకి చొరబడాలి. వరసలో వాళ్ళు చోటివ్వాలి. అక్కడ మొదలైంది గొడవ.

"గంట నించి పద్ధతిగా నిలబడ్డాం. తప్పుడు దారిన వచ్చిన నాయాళ్ళకి మేమెందుకివ్వాలయ్యా జాగా?" ఒక లారీ డ్రైవరు కిందికి దిగాడు.

"న్యాయం తరవాత చేసుకుందాం బాబూ. ముందు ఖాళీ."

"నువ్వెవడివి చెప్పడానికి?"

"భయపడ్డవాణ్ణి. నువ్వు భయపడితే నువ్వే చెప్పు, నేను వింటాను."

ఎవరో పెద్దగా నవ్వారు. ఆ డ్రైవరే ఎక్కి నాలుగడుగులు వెనక్కి జరిపాడు. ఒక్కొక్కటీ కదిలింది. తొమ్మిదోది కదిలాక మా వంతు. మా డ్రైవరు వెనక్కి వచ్చి ఎడమకి తిప్పితే, వరస మొదట్లో ఎవరో మాకు చోటిచ్చారు. వాళ్ళకి ఆయన "పాము కాటండీ, ఆడమనిషి" అని చెప్పటం విన్నాను. అయిదు లోడులు దిగాయి. ఈల. మేం వంతెనెక్కాం.

సూది పడింది. మూడో రోజుకి నెత్తురు ఆగింది. డాక్టరు, "ఇంకో గంటైతే నేను చెప్పలేకపోయేవాణ్ణి" అన్నాడు. ఊళ్ళో రాయి మహిమన్నారు. నేను ఈసారి వాదించలేదు.

రెండు వారాల తరవాత ఆయన ఇంటికి వెళ్ళాను, చేతులు పట్టుకుని ఏదో ఒకటి చెప్పాలని. వరండాలో ఆ రోజు రోడ్డే పేర్చి ఉంది. ఎడమ వరస, కుడిపక్కన పది గింజలు, వంతెన మీద టెంక. నేను కూర్చోకముందే ఆయన వరస మొదటి గింజ మీద వేలు పెట్టాడు.

"ఇది ట్రాక్టరండీ. మీకు చోటిచ్చింది."

"వాళ్ళకి కూడా దణ్ణం పెట్టాలి. ఏ ఊరు వాళ్ళు?"

"విస్సన్నపేట వైపు. కూలివాళ్ళు." తల ఎత్తలేదు. "తొట్టిలో చెట్టు మీంచి పడ్డ మనిషున్నాడండీ. కాయ కోస్తూ కొమ్మ విరిగి పడ్డాడు. స్పృహ లేదు. నేను చోటు అడిగినప్పుడు అతని భార్య మీ కారులోకి తొంగి చూసింది. మీ ఆవిడ నోట్లో నెత్తురు చూసింది. 'ముందు ఆ తల్లిని పోనీండి' అంది. మీరు దాటాకే నేను తొట్టిలోకి చూశాను."

ఆయన ఆపలేదు. గవ్వలు వేశాడు, కుడిపక్క పది గింజల్నీ తీసేసి. ట్రాక్టరు గింజ ఒక గడి కదిలింది. మళ్ళీ వేశాడు. ఇంకో గడి. అది వంతెనెక్కింది, దిగింది.

"మీరు కుడికి రాకపోతే అప్పటికే దాటేవాళ్ళు. వాళ్ళ వెనకే మీరూ. ఎన్నోసార్లు ఆడాను. ప్రతిసారీ ఇద్దరూ దాటారు."

"అతను ఏమయ్యాడు?"

"తెలియదండీ. ఆసుపత్రి గేటుదాకా వెళ్ళాను. లోపలికి పోయి అడగటానికి భయమేసింది." గవ్వలు పక్కకి తోశాడు. "మీరు అడిగి నాకు చెబుతారా?"

అడుగుతానన్నాను. ఆయన ఆ గింజని మళ్ళీ గడిలో పెట్టబోయి, ఎక్కడ పెట్టాలో తెలియక గుప్పిట్లో పెట్టుకున్నాడు. నేను గేటు దాటేదాకా ఆ గుప్పిట విప్పలేదు.

నేను అడగలేదు. ఆసుపత్రి మా ఇంటికి అయిదు నిమిషాల నడక. రోజూ ఆ గోడ పక్కనించే బడికి పోయేవాణ్ణి. ప్రశ్నించండి, ప్రశ్నించనివాడు బానిస అని వేదికల మీద గొంతు చించుకున్నవాణ్ణి, ఆ గేటులోకి పోయి నాలుగు మాటలు అడగలేకపోయాను. ఆయన కూడా నన్ను మళ్ళీ అడగలేదు. ఆయన బదిలీ అయి పోయేదాకా బస్టాండులో ఎదురుపడితే ఇద్దరం వాన గురించి, కాపు గురించి మాట్లాడుకునేవాళ్ళం. మాట అయిపోయాక ఆయన ఒక్క క్షణం నా మొహంలోకి చూసేవాడు. నేను బస్సుల బోర్డు చదివేవాణ్ణి.

నా భార్యకి అంతా చెప్పాను, నేను కుడికి తీయించిన సంగతితో సహా. ఆమె మంచం మీద దిండుకి ఆనుకుని వింది. ట్రాక్టరు దగ్గరికొచ్చేసరికి లేచి కూర్చుంది.

"అతను ఏమయ్యాడు?"

"బతికాడు" అన్నాను. "బాగానే ఉన్నాడట. కంట్రోలర్ గారు కనుక్కున్నారు."

ఆమె వెనక్కి వాలి కళ్ళు మూసుకుంది. ఆధారం లేనిదే ఎవరు చెప్పినా నమ్మకూడదని ఆమెకి నేర్పింది నేనే. ఎవరు, ఎక్కడ, ఎలా తెలిసింది అని ఆమె ఎప్పుడూ అడుగుతుంది, నన్ను కూడా. ఆ రోజు అడగలేదు. ఒక మనిషి ఏమీ అడక్కుండా నమ్మినందుకు జీవితంలో మొదటిసారి నేను సంతోషించాను.

తరవాత నాలుగు కాపులు వచ్చి పోయాయి. ఇప్పుడు ఆయన కూడా లేడు. నేను అడగలేదని తెలిసిన మనిషి ఇంకొకరు లేరు. దాచుకోవాలంటే ఇక అడ్డమేమీ లేదు. అది తలుచుకుంటేనే నాకు అన్నిటికంటే ఎక్కువ భయమేసింది.

నేను రాసింది అచ్చయితే మొదట చదివేది నా భార్యే. ఇదీ చదువుతుంది. చివరిదాకా చదివి, పత్రిక కింద పెట్టి, నన్ను ఒక్క మాట అనదు. చెప్పులు తొడుక్కుని గుమ్మంలో నిలబడి, విస్సన్నపేట బస్సు ఎన్నింటికని అడుగుతుంది.